ఆ బాణం ఎవరిది?

"థియరీ అంతా వచ్చు మేడమ్, ప్రాబ్లమ్సే రావు." ఇంటర్ ఫస్టియర్ ఫిజిక్స్ కోసం మా ఇంటికి వచ్చే పిల్లలు చేరిన రోజే చెప్పే మాట ఇది. తిరుపతి బైరాగిపట్టెడలో మా మేడ మీద, రేకుల షెడ్డు కింద సాయంత్రం పూట ట్యూషన్ చెబుతాను. ఎన్నో బ్యాచ్‌లు వచ్చి వెళ్లాయి గానీ ఈ మాట మాత్రం మారలేదు. వాళ్ల అమ్మానాన్నలదీ ఇదే పాట. 2015లో మనకు ఐఐటీ వచ్చి, ఏర్పేడు దగ్గర క్యాంపస్ లేచాక దానికి ఇంకో మాట తోడైంది: "మన పక్కనే ఐఐటీ ఉంది కదా మేడమ్." పక్కన ఉంటే సీటు కూడా దగ్గరవుతుందన్నట్టు!

థియరీ వచ్చి ప్రాబ్లమ్ రాకపోవడం అనేది ఉండదని నా అభిప్రాయం. వాళ్ల లెక్కలో థియరీ అంటే న్యూటన్ మూడు నియమాలు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పడం, వాలుతలం బొమ్మ గీసి పక్కన ఎమ్‌జీ సైన్ తీటా అని రాయడం. అదే వాలు మీద చెక్కపెట్టె తీసేసి సప్తగిరి బస్సు పెట్టామంటే చెయ్యి ఆగిపోతుంది. ప్రశ్న సగం చదివేసరికే సూత్రం కోసం వెతుకులాట మొదలవుతుంది. ద్రవ్యరాశి ఇచ్చారు, కోణం ఇచ్చారు, మ్యూ (ఘర్షణ గుణకం) ఇచ్చారు, ఈ మూడూ ఉన్న సూత్రం ఏదబ్బా అని. దొరికితే అందులో అంకెలు వేసేస్తారు. దొరక్కపోతే "ఇది మాకు చెప్పలేదు మేడమ్."

అందుకని మొదటి వారం సూత్రాల జోలికి పోనివ్వను. లెక్క చదివాక అడిగేది ఒకటే: ఈ వస్తువును ఎవరెవరు ముట్టుకుంటున్నారు? తాడు ముట్టుకుంటోందా, నేల ముట్టుకుంటోందా, గాలా, చెయ్యా? ముట్టుకునే ప్రతిదానికీ ఒక బాణం గీయాలి. నేల మాత్రం రెండు రకాలుగా పని చేస్తుంది కాబట్టి దానికి రెండు: ఉపరితలానికి నిలువుగా తోసే నార్మల్ ఒకటి, ఉపరితలం వెంబడి ఉండే ఘర్షణ ఒకటి. ముట్టుకోకుండా లాగేది ఈ చాప్టర్‌లో భూమి ఒక్కటే, దానికి కిందికి ఒక బాణం. అంతటితో బాణాలు అయిపోయినట్టే. ఇక గీసిన ప్రతి బాణం పక్కనా అది ఎవరిదో పేరు రాయాలి. "ఈ బాణం ఎవరిది?" అని నేను అడిగినప్పుడు జవాబు లేకపోతే దాన్ని చెరిపెయ్యాలి. ఈ నియమానికి మినహాయింపు లేదు.

వినడానికి చాలా తేలిగ్గా ఉంటుంది. ఘాట్ రోడ్డు లెక్క ఇచ్చి చూడండి.

పదిహేను టన్నుల బస్సు రెండో ఘాట్ రోడ్డులో తిరుమలకు ఎక్కుతోంది. వేగం మారడం లేదు, గంటకు 30 కిలోమీటర్లు. బస్సు మీద ఉన్న బలాలు గీయండి. ప్రతి బ్యాచ్‌లోనూ వచ్చే మొదటి బాణం పైకి ఉంటుంది, దాని పక్కన "ఇంజన్" అని రాసి ఉంటుంది. ఇంజన్ ఎక్కడుంది? బస్సులోనే. బస్సులో ఉన్నది బస్సును ఎలా తోస్తుంది? మీరు బస్సులో కూర్చుని ముందు సీటును ఎంత తోసినా బస్సు ముందుకు పోతుందా? ఇక్కడ ఒక నిమిషం అందరూ మౌనం. మరి బస్సును ముట్టుకుంటున్నది ఎవరు? రోడ్డు, గాలి. అంతే. అయితే బస్సును కొండ మీదికి తోస్తున్నది రోడ్డే అయి ఉండాలి. ఇంజన్ చక్రాన్ని తిప్పుతుంది, చక్రం రోడ్డును వెనక్కి నెడుతుంది, రోడ్డు బస్సును ముందుకు నెడుతుంది. ఆ నెట్టే బలం పేరే ఘర్షణ.

"ఘర్షణ అడ్డుకుంటుంది గదా మేడమ్?" అని పాకాల నుంచి రైల్లో వచ్చే అబ్బాయి అడిగాడు. హైస్కూల్లో ఎవరో అలా రాయించి ఉంటారు. ఘర్షణ అడ్డుకునేది జారడాన్ని, కదలికను కాదు. టైరు కింద భాగం రోడ్డు మీద వెనక్కి జారబోతుంది, ఘర్షణ దాన్ని జారనివ్వదు. ఆ కారణంగానే బస్సు ముందుకు పోగలుగుతోంది. వానాకాలం బురదలో చక్రం ఉన్నచోటే తిరుగుతుంటే ఇంజన్ అరుపులో లోటేమీ ఉండదు, తోసే రోడ్డే ఉండదు.

ఇప్పుడు అంకెలు. కింద నుంచి పైదాకా ఎత్తు తేడా ఒక 750 మీటర్లు, దారి 19 కిలోమీటర్లు అనుకుందాం. మలుపులు మరిచిపోయి దారినంతా ఒకే వాలుగా సాగదీస్తే 25 మీటర్ల దారికి ఒక మీటరు ఎత్తు. అంటే సైన్ తీటా 0.04. గురుత్వ త్వరణం జీని 10గా తీసుకుంటే బస్సు బరువు 1,50,000 న్యూటన్లు, వాలు వెంబడి కిందికి లాగేది అందులో 0.04 వంతు, 6,000 న్యూటన్లు. గాలీ టైర్ల దొర్లుడూ కలిపి ఇంకో 1,500 అడ్డు వస్తున్నాయి అనుకోండి. వేగం మారనప్పుడు రోడ్డు పైకి తోసేది ఎంత?

సరిగ్గా 7,500. ఇక్కడ పెద్ద గొడవ. "బస్సు పైకి పోతా ఉంది మేడమ్. పైకి తోసేది ఎక్కువ ఉండాల గదా. సమానమైతే ఆగిపోదా?" ఈ గొడవ నాకు చాలా ఇష్టం. న్యూటన్ మొదటి నియమం అప్పజెప్పిన నోటితోనే అది అబద్ధమని వాదిస్తున్నారు మరి. నిజాయితీగా వాదిస్తున్నారు కూడా. కదులుతున్నదంటే ఆ వైపు బలం మిగులు ఉండాలన్నది మనుషులు రెండు వేల ఏళ్లు నమ్మిన విషయం. బండి తోయడం ఆపితే బండి ఆగే ఊళ్లో పుట్టి పెరిగిన పిల్లలు అలా అనుకోవడంలో తప్పేముంది? కానీ మిగులు బలం ఇచ్చేది వేగాన్ని కాదు, వేగంలో మార్పును. అలిపిరి దగ్గర బస్సు బయలుదేరేటప్పుడు 7,500 కంటే ఎక్కువ కావాలి. ముప్పై అందుకున్నాక 7,500 చాలు. ఇంకా ఎక్కువ తోస్తూనే ఉంటే ముప్పై దగ్గర ఆగదు, పెరుగుతూనే పోతుంది.

రథం లెక్క ఇంకా బాగుంటుంది. మా వైపు పిల్లలందరూ చూసినదే. తిరుచానూరు అమ్మవారి కార్తీక బ్రహ్మోత్సవాల్లో ఎనిమిదో రోజు రథోత్సవం, గోవిందరాజస్వామికి వైశాఖంలో. రథం 20 టన్నులు అనుకుందాం (అసలు బరువు ఎవరైనా చెబితే లెక్క మళ్లీ చేస్తాం). చక్రాల దగ్గర, ఇరుసుల దగ్గర ఉన్న అడ్డంకి అంతా కలిపి, కదలడం మొదలయ్యే ముందు అత్యధికంగా బరువులో 0.05 వంతు. అంటే 10,000 న్యూటన్లు. ఒక్కో మనిషి 200 న్యూటన్లతో లాగుతాడు. ముప్పై మంది లాగుతున్నప్పుడు రథం త్వరణం ఎంత?

పిల్లలు ఇలా చేస్తారు: లాగేది 6,000, ఘర్షణ 10,000, ఫలిత బలం మైనస్ 4,000, దాన్ని 20,000 కిలోలతో భాగిస్తే మైనస్ 0.2. పక్కన యూనిట్లు కూడా చక్కగా రాసి, గడి కట్టి నాకు చూపిస్తారు. మైనస్ అంటే ఏమిటి? వెనక్కి. అంటే ముప్పై మంది భక్తులు రథాన్ని ముందుకు లాగితే అది వెనక్కి పోయింది! చంద్రగిరి అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెడితే కాసేపటికి షెడ్డంతా నవ్వింది. నవ్వినవాళ్లలో సగం మంది నోటుపుస్తకాల్లో అదే జవాబు ఉంది.

మ్యూ ఎన్ (మ్యూ గుణించు నార్మల్, ఇక్కడ ఆ 10,000) అనేది స్థైతిక ఘర్షణ, అంటే కదలని వస్తువు మీది ఘర్షణ విలువ కాదు, దాని గరిష్ఠ హద్దు. వస్తువు కదలకుండా ఉన్నంతసేపు ఘర్షణ ఎంత కావాలో అంతే ఇస్తుంది. ఎవరూ లాగకపోతే సున్నా. పది మంది లాగితే 2,000. ముప్పై మంది లాగితే 6,000. యాభై మందితో 10,000 దగ్గర హద్దుకు వచ్చేస్తుంది, అక్కడి నుంచి ఒక్కడు అదనంగా చెయ్యి వేసినా కదులుతుంది. "గోవిందా" అని అందరూ ఒకేసారి అని ఒకేసారి లాగడంలో భక్తితో పాటు ఫిజిక్స్ కూడా ఉంది. తలా ఒక క్షణంలో లాగితే ఏ క్షణంలోనూ పదివేలు దాటదు. కదిలాక అడ్డంకి కొంచెం తగ్గుతుంది, 8,000 అనుకోండి. అప్పుడు నలభై మంది లాగుతున్నా చాలు, రథం అదే వేగంతో పోతూ ఉంటుంది. ఆ నలభై మందే ఆగి ఉన్న రథాన్ని కదిలించలేరు.

తాడు చివర కొందరు ఊరికే చెయ్యి ఆనించి నడుస్తారు కదా, వాళ్ల బాణం ఎంత అని ఒకడు అడిగాడు. సున్నా. పుణ్యం సంగతి నా సబ్జెక్టు కాదు.

రథం వచ్చాక మూడో నియమం గొడవ తప్పదు. మనం రథాన్ని ఎంత లాగితే రథం మనల్ని అంతే వెనక్కి లాగుతుంది, రెండూ కొట్టేసుకుపోతే రథం కదిలేది ఎలా? గుర్రం బండి లెక్కగా ఇది ప్రపంచమంతా తిరిగిన ప్రశ్న. మాటలతో ఎంత చెప్పినా తేలదు గానీ, బొమ్మ రెండు ముక్కలుగా గీస్తే అక్కడికక్కడే తేలిపోతుంది. రథం ఒక బొమ్మ, లాగే మనిషి ఇంకో బొమ్మ. రథం బొమ్మలో తాడుది ముందుకు, నేలది వెనక్కి. మనిషి బొమ్మలో తాడుది వెనక్కి, పాదాల కింద నేలది ముందుకు. తాడు బాణాలు రెండూ సమానమే, కానీ చెరో బొమ్మలో ఉన్నాయి. ఒక బొమ్మలో బాణాన్ని ఇంకో బొమ్మలో బాణంతో కొట్టెయ్యడానికి వీల్లేదు. మా అన్న ఖాతాలో అప్పును నా ఖాతాలో డబ్బుతో బ్యాంకువాడు తనంతట తాను కొట్టేస్తే ఊరుకుంటానా? రథం బొమ్మలో ముందు బాణం పెద్దదైతే రథం కదులుతుంది, అంతే విషయం. ఎండకు కాళ్లు కాలకుండా వీధిలో నీళ్లు చల్లినచోట లాగేవాళ్ల పాదాలు జారితే తాడులో పట్టు ఎందుకు తగ్గుతుందో కూడా ఆ రెండో బొమ్మే చెబుతుంది.

ఘాట్ రోడ్డు దిగేటప్పటి సంగతి ఇంకా చెప్పలేదు. దిగడానికి 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు. సొంత కార్లవాళ్లకు తెలిసే ఉంటుంది, కిందికి 40 నిమిషాల కంటే ముందు వచ్చేస్తే చెక్‌పోస్టు దగ్గర పట్టుకుంటారు, పైకి వెళ్లడానికి 28 నిమిషాలు. ఎక్కడానికి తక్కువ, దిగడానికి ఎక్కువ పెట్టారేమిటని పిల్లలు తికమక పడతారు, దిగడమే సులువు కదా అని. సరే, లెక్క కడదాం. 19 కిలోమీటర్లు 40 నిమిషాల్లో అంటే సెకనుకు దాదాపు 8 మీటర్లు. వేగం పెరగకుండా దిగాలంటే వాలు లాగే 6,000 న్యూటన్లకు సరిపడా వెనక్కి ఎవరో పట్టి ఉండాలి. 6,000ను 8తో గుణిస్తే 48,000 వాట్లు. ఇళ్లల్లో వాడే ఇస్త్రీ పెట్టెలు ఒక్కోటి వెయ్యి వాట్లు. దాదాపు యాభై ఇస్త్రీ పెట్టెల వేడి 40 నిమిషాల పాటు ఆగకుండా ఎక్కడో ఒకచోట పుడుతూనే ఉండాలి. కొంత టైర్లకు, గాలికి పోతుంది. మిగిలింది బ్రేకులకో ఇంజన్‌కో. ఇరవై నిమిషాల్లో దిగుతానంటే ఎత్తు అదే, వేడి మొత్తం అంతే, పుట్టే జోరు రెట్టింపు. బ్రేకులు దాన్ని గాలిలోకి వదిలేలోపే ఎర్రగా కాలిపోయి పట్టు తప్పుతాయి. అందుకే డ్రైవర్లు చిన్న గేరులో దింపుతారు, భారం ఇంజన్ మీద వేస్తూ. 2022 నుంచి కొండకు తిరుగుతున్న ఎలక్ట్రిక్ బస్సుల్లో అయితే మోటారే జనరేటరులా మారి ఆ శక్తిలో కొంత బ్యాటరీకి తిరిగి ఇస్తుంది. దిగేటప్పుడు చార్జింగ్ ఎక్కుతుందని చెబితే పిల్లలకు మొదట అబద్ధంలా అనిపిస్తుంది.

మలుపుల దగ్గర కథ వేరు. నిమ్మకాయ వాసన చూస్తూ కిటికీ పక్కన కూర్చున్న ప్రతి మనిషీ "మలుపులో బయటికి తోస్తుంది" అనే అంటాడు. సరే, తోసేది ఎవరు? పేరు చెప్పండి. బస్సు గోడా? అది మిమ్మల్ని లోపలికి తోస్తోంది. సీటు? అదీ లోపలికే. బయటికి తోసేవాడెవడూ లేడు, ఆ బాణం చెరిపెయ్యండి. మీరు తిన్నగా పోదామనుకుంటున్నారు, బస్సు తిరిగింది, గోడ వచ్చి మీకు తగిలింది. 15 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపులో గంటకు 20 కిలోమీటర్లతో తిరిగితే లోపలి వైపు త్వరణం దాదాపు 2 మీ/సె². నలభైతో తిరిగితే వేగం రెట్టింపే గానీ త్వరణం నాలుగింతలు, 8 దాటుతుంది. అంత ఇవ్వడానికి పొడి రోడ్డుకే కష్టం, వానలో తడిసిన రోడ్డు దగ్గర ఆశే వద్దు. ఇక బస్సు కూడా తిన్నగానే పోతుంది, లోయలోకి.

పైకి విసిరిన బంతి గురించి ఎక్కువ చెప్పను. అందరూ ఒకే తప్పు చేస్తారు, అందరికీ ఒకే మందు. బంతి అత్యున్నత స్థానంలో ఉన్నప్పుడు త్వరణం ఎంత? సున్నా అంటారు, ఆగింది కాబట్టి. అక్కడ వేగం సున్నా, త్వరణమూ సున్నా అయితే బంతి ఆ ఆకాశంలోనే ఉండిపోవాలి కదా. ఇంకొంతమంది పైకి పోయేటప్పుడు "చెయ్యి ఇచ్చిన బలం" అని పైకి బాణం గీస్తారు. చెయ్యి ఇప్పుడు బంతిని ముట్టుకుంటోందా? లేదు. చెరుపు.

ఒకసారి ఒక గడుసు పిల్లాడు విసుక్కున్నాడు: "నునుపైన తలం, ద్రవ్యరాశి లేని తాడు, ఇవన్నీ యాడుంటాయి మేడమ్? లేని వాటి మీద లెక్కలెందుకు?" న్యాయమైన కోపం. నునుపైన తలం గురించి గెలీలియో పేరు చెప్పాను. నేరుగా పడే వస్తువును కొలవడానికి ఆయన దగ్గర గడియారాలు లేవు. వాలు పలక మీద గాడి తొలిచి, గరుకు లేకుండా తోలుకాగితం అంటించి, కంచు గుండు దొర్లించి, ధారగా కారే నీళ్లను తూచి కాలం కొలిచాడు. కాలం రెట్టింపైతే దూరం నాలుగింతలు. 1638లో అచ్చయిన పుస్తకంలో ఇదంతా రాశాడు. అడ్డంకిని పక్కన పెట్టి చూసినవాడికే అసలు విషయం కనబడింది, అడ్డంకిని మళ్లీ కలుపుకోవడం తర్వాత ఎంతసేపు? రథం లెక్కలో కలుపుకున్నాం కదా.

తాడు సంగతికి మా అమ్మమ్మ వాళ్ల ఊరి గిలక బావి సరిపోతుంది. తాడుకు ద్రవ్యరాశి లేదు అనడం అబద్ధం చెప్పడం కాదు, బిందెతో పోలిస్తే చాలా తక్కువ అనడం. తాడు ముక్క ఒకటి తీసుకోండి. పై కొసన లాగేదీ కింది కొసన లాగేదీ తేడా చేస్తే ఆ ముక్క ద్రవ్యరాశి గుణించు త్వరణం. ద్రవ్యరాశి దాదాపు సున్నా కాబట్టి తేడా కూడా సున్నా. అందుకే తాడు పొడవునా టెన్షన్ ఒకటే. పది కిలోల నీళ్ల బిందెను మెల్లగా చేదితే తాడులో 100 న్యూటన్లు. సెకనుకు సెకనుకు 2 మీటర్లు వేగం పెరిగేలా గుంజితే 120. పాత చేంతాడు తెగేది గుంజినప్పుడే, మెల్లగా చేదేటప్పుడు కాదు. గిలక మాత్రం 200 మోస్తుంది, ఎందుకంటే దాన్ని తాడు రెండు వైపులా కిందికి లాగుతోంది. "ఒక పక్క నీళ్లు, ఒక పక్క నేను" అని చంద్రగిరి అమ్మాయి వెంటనే పట్టేసింది.

షార్ట్‌కట్ల మీద నా కోపానికి కారణం కూడా ఈ గిలకే. కాలేజీలో ఇచ్చే మెటీరియల్‌లో గిలకకు రెండు వైపులా రెండు బరువులు ఉంటే త్వరణానికి ఒక రెడీమేడ్ సూత్రం ఉంటుంది: తేడాను మొత్తంతో భాగించి జీతో గుణించు. మూడు కిలోలు, రెండు కిలోలు ఇస్తే అయిదులో ఒకటో వంతు, 2 మీ/సె². మంచిదే. ఇప్పుడు ఆ మూడు కిలోల బరువు తీసేసి, ఆ కొసను చేత్తో 30 న్యూటన్లతో లాగండి. మూడు కిలోల బరువూ 30 న్యూటన్లే కదా, జవాబు మారుతుందా? క్లాసు మొత్తం "మారదు" అంది. బొమ్మ గీద్దాం. రెండు కిలోల బరువును ముట్టుకునేది తాడు ఒక్కటే. చేత్తో లాగినప్పుడు తాడు ఇచ్చేది 30. భూమి లాగేది 20. మిగులు 10, రెండు కిలోలతో భాగిస్తే 5 మీ/సె². మొదటి లెక్కలోనేమో భూమి లాగే ముప్పైలో కొంత ఆ మూడు కిలోలను కిందికి వేగవంతం చేయడానికే ఖర్చైపోయింది, తాడుకు దక్కింది 24 మాత్రమే. మూడు కిలోల బరువూ ముప్పై న్యూటన్ల చెయ్యీ ఒకటి కావు. షార్ట్‌కట్ ఈ తేడాను కనబడనివ్వదు. ఎంట్రన్స్ పేపర్ తయారుచేసేవాళ్లకు ఇది బాగా తెలుసు, ఆప్షన్లలో 2 కూడా తప్పకుండా పెడతారు.

"ఈఏపీసెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు మేడమ్, బొమ్మలు గీస్తూ కూర్చుంటే ఎట్లా?" అని తల్లిదండ్రులే ఫోన్ చేసి అడుగుతారు. ఫిజిక్స్ 40 ప్రశ్నలే, వాటిలో బలాలకు సంబంధించినవి కొన్నే. చిన్న డబ్బా, మూడు నాలుగు బాణాలు గీయడానికి ఎంతసేపు పడుతుంది? తప్పు సూత్రంలో అంకెలు వేసి, ఆప్షన్లలో లేని జవాబు వచ్చి, మళ్లీ మొదటి నుంచి చేయడానికి పట్టే సమయం లెక్క వేయరు. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి రానివి చివర్లో గుడ్డిగా దిద్దుకోవచ్చు, దానికి నేనేమీ అడ్డు చెప్పను. షార్ట్‌కట్లు కూడా నేర్చుకోమంటాను, బొమ్మ నుంచి ఆ సూత్రం తెప్పించడం వచ్చాక.

ఇంకొకటి అలవాటు చేస్తాను, జవాబును ఒంటితో పోల్చుకోవడం. సెకనుకు సెకనుకు ఒక మీటరు అంటే స్టాపులో బయలుదేరిన బస్సు, నిలబడ్డవాళ్లు కడ్డీ పట్టుకుంటారు. 10 అంటే చెయ్యి వదిలేసిన రాయి. చెరుకు ట్రాక్టరు త్వరణం 15 అని వచ్చిందంటే ఎక్కడో కిలోలకూ న్యూటన్లకూ మధ్య జీ తప్పిపోయింది. కాలిక్యులేటర్ ఈ సంగతి చెప్పదు.

మొన్న లిఫ్టు లెక్కలు మొదలుపెట్టాం. పుస్తకంలో ఎప్పుడూ ఉండే వేయింగ్ మెషిన్ తీసేసి తులాభారం పెట్టాను, శ్రీవారి గుడిలో మొక్కు తీర్చుకునే కాటా. ఒక పళ్లెంలో 30 కిలోల పిల్లవాడు, ఇంకో దానిలో 30 కిలోల నాణేలు. ఈ కాటాను లిఫ్టులో పెట్టి 2 మీ/సె² త్వరణంతో పైకి తీసుకెళ్తే ఎటు మొగ్గుతుంది? పిల్లవాడి వైపు అని కొందరు, నాణేల వైపు అని కొందరు. గీసి చూస్తే పిల్లవాడిని పళ్లెం 360 న్యూటన్లతో తోస్తోంది, నాణేలనూ 360తోనే. ఎటూ మొగ్గదు. స్ప్రింగు మెషిన్ అయితే 36 కిలోలు చూపిస్తుంది, కాటాకు ఆ మాయ తెలియదు.

"లిఫ్టు తాడు తెగితే మేడమ్?" అని చంద్రగిరి అమ్మాయి అడిగింది. తెగితే పళ్లాలు ఎవరినీ తోయవు, రెండు నార్మల్‌లూ సున్నా. నాణేలన్నీ తీసేసి ఒక్క రూపాయి బిళ్ల పెట్టినా కాటా ఎలా ఉన్నది అలాగే ఉంటుంది. వంచి వదిలితే వంగే ఉంటుంది. ఇది వాళ్లకు భలే నచ్చింది, ఒకరి పుస్తకంలో ఒకరు బొమ్మలు గీసుకున్నారు. పాకాల అబ్బాయికి మాత్రం రైలు టైమవుతున్నా కాలు కదల్లేదు. ఇంతకీ ఆ లిఫ్టులో ఉన్న పిల్లవాడి సంగతేమిటని అడిగాడు. అది ఈ చాప్టర్ కాదు, అభిఘాతాల (ఢీకొనడాల) దగ్గర చెబుతానని చెప్పి పంపించాను.